శస్త్రచికిత్సపై మరో శస్త్రచికిత్స: అర్ఫజా (రజి) ఉదంతం

మనిషికి రూపాన్నీ శ్వాసనూ ప్రసాదించిన అల్లాహ్‌కే సమస్త స్తోత్రాలు. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లం) పైనా, ఆయన కుటుంబీకులపైనా, సహచరులపైనా శాంతి శుభాలు వర్షించుగాక!



దైవప్రవక్త (స) సహచరులలో అర్ఫజా బిన్ అస్‌అద్ (రజి) అనే వారుండేవారు. ఇస్లాంకు పూర్వం, అజ్ఞాన కాలంలో జరిగిన కులాబ్ యుద్ధంలో ఆయన ముక్కు తెగిపోయింది. వెండితో ముక్కు చేయించి అమర్చుకున్నారు. ఆ వెండి ముక్కు దుర్వాసన కొట్టసాగింది. అప్పుడు దైవప్రవక్త (స) ఆయనను బంగారంతో ముక్కు చేయించుకోమని ఆదేశించారు. అబూ దావూద్, తిర్మిజీ, నసాయీ గ్రంథాలలో ఈ ఉల్లేఖనం ఉంది. పురుషునికి బంగారం ఏ సందర్భంలో అనుమతించబడుతుందో వివరించేటప్పుడు పండితులు దీనిని తరచుగా ఉదహరిస్తారు. నేను ఈ రోజు మీ దృష్టిని ఇందులోని మరో అంశం వైపు తిప్పదలచాను. ఇది రెండో ముక్కు వృత్తాంతం. మొదటి మరమ్మతు విఫలమైన మనిషి వృత్తాంతం.

అర్ఫజా (రజి)ను దైవప్రవక్త (స) మందలించినట్లు ఉల్లేఖనంలో లేదు. ఒకసారి ప్రయత్నించావు కదా, ఇక సహనం వహించు అని అన్నట్లూ లేదు. ఆయన చూసింది ఎదుట ఉన్న బాధను. మామూలుగా పురుషులకు నిషిద్ధమైన లోహాన్ని సైతం ఆ బాధను తొలగించడానికి అనుమతించారు.

ఈ విషయం ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, ముక్కుకు ఒకసారి ఆపరేషన్ అయి, మరోసారి చేయించుకోవాలా వద్దా అన్న సందిగ్ధంలో ఉన్నవారు మన మధ్యనే ఉన్నారు. 2021 వేసవిని మన సికింద్రాబాద్ వాసులు మరచిపోలేరు. కరోనాతో పాటు నల్ల ఫంగస్ సోకిన రోగులకు మన గాంధీ ఆస్పత్రిలోనూ, కరోనా తగ్గాక సోకినవారికి కోఠీలోని ప్రభుత్వ ఇ.ఎన్.టి. ఆస్పత్రిలోనూ చికిత్స జరిగింది. ప్రాణం నిలపడానికి వైద్యులు ముక్కు లోపలి కుళ్ళిన కణజాలాన్నీ, కొందరికి అంగిలినీ, మరికొందరికి కంటినీ తొలగించవలసి వచ్చింది. అటువంటి వారు పోయిన భాగాన్ని తిరిగి కట్టించుకోవడానికి ధర్మం అడ్డు చెబుతుందా అని అడగవలసిన పనే లేదు. అర్ఫజా (రజి) ఉదంతమే వారికి సమాధానం.

సందిగ్ధమంతా రెండో రకం వారి విషయంలోనే. ఆ మధ్య ఒక తండ్రి జుమా తర్వాత నా వద్దకు వచ్చారు. ఆయన కుమార్తెకు రెండేళ్ళ క్రితం, సంబంధాలు చూస్తున్న రోజుల్లో, ముక్కు దూలం ఎత్తుగా ఉందని ఆపరేషన్ చేయించారు. నాటి నుంచి ఆ అమ్మాయికి ఒక వైపు గాలి ఆడటం లేదు. రాత్రిళ్ళు నోటితో ఊపిరి పీల్చుకుంటోంది. సరిచేయవచ్చునని వైద్యులు అంటున్నారు. ఇంట్లో నానమ్మ మాత్రం, ‘అల్లాహ్ ఇచ్చిన ముక్కును మార్చుకున్నందుకు ఇది శిక్ష, భరించవలసిందే’ అంటున్నారట. ‘మౌలానా, అమ్మీ మాట కాదనలేను, బిడ్డ బాధ చూడలేను’ అన్నారాయన.

పెద్దావిడ భయం నిరాధారమైనది కాదు. కేవలం అందం కోసం అల్లాహ్ సృష్టిని మార్చడాన్ని దైవప్రవక్త (స) తీవ్రంగా ఖండించారు. ఇబ్నె మస్ఊద్ (రజి) ఉల్లేఖించిన ఆ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. సృష్టిని మార్చేలా మనుషులను ప్రేరేపిస్తానని షైతాన్ పలికిన శపథాన్ని దివ్యఖుర్ఆన్‌లో అన్నిసా సూరా మన ముందుంచుతుంది. అయితే, మొదటి ఆపరేషన్ తప్పే అనుకున్నా, ఆ తప్పుకు ధర్మం చూపిన మార్గం తౌబా. ఊపిరాడకపోవడాన్ని ప్రాయశ్చిత్తంగా ధర్మం ఎక్కడా విధించలేదు. పందెం కాసి బైకు నడిపి కాలు విరగ్గొట్టుకున్న కుర్రవాడికి కట్టు కట్టవద్దని మనలో ఎవరైనా అంటామా? పందెం పాపం, కట్టు చికిత్స. రెండింటి లెక్కలూ వేరు. ఇక ఒకరికి కలిగిన కష్టం శిక్షా, పరీక్షా, పాప ప్రక్షాళనా అన్నది అల్లాహ్‌కు మాత్రమే తెలుసు. ఆ తీర్పు మన నోటితో చెప్పే అధికారం మనకు లేదు.

చికిత్స చేయించుకోండి అన్నది దైవప్రవక్త (స) ఆదేశం. వృద్ధాప్యం తప్ప మందు లేని జబ్బును అల్లాహ్ దించలేదని ఆయన తెలియజేశారు. కనుక ముక్కు మూసుకుపోవడం, మధ్య గోడకు రంధ్రం పడటం, ఆధారం కోల్పోయి దూలం కుంగిపోవడం వంటివి నిజమైన వ్యాధులే. అవి పుట్టుకతో వచ్చినా, ప్రమాదం వల్ల వచ్చినా, గత శస్త్రచికిత్స వల్ల వచ్చినా వాటిని సరిచేయించుకోవడం ధర్మసమ్మతమే. ఆ తండ్రికి నేను ఇదే చెప్పాను.

ఇది పాశ్చాత్యుల ఫ్యాషన్ అని కొట్టిపారేసేవారు కొంత చరిత్ర తెలుసుకోవాలి. మైసూరు యుద్ధంలో బందీగా చిక్కి ముక్కు కోల్పోయిన కవాస్‌జీ అనే ఎడ్లబండి తోలే మనిషికి పూనా ప్రాంతంలో ఒక దేశీ వైద్యుడు నుదుటి చర్మాన్ని మడిచి కొత్త ముక్కు కట్టాడు. ఆ వివరం 1794లో లండన్ పత్రికలో బొమ్మతో సహా అచ్చయింది. అది చదివిన జోసెఫ్ కార్ప్యూ అనే ఆంగ్లేయ వైద్యుడు ఏళ్ళ తరబడి పరిశీలించి, 1814లో అక్కడ అదే పద్ధతిని అనుసరించాడు. ముక్కు కట్టే విద్య ఇక్కడి నుంచి అక్కడికి వెళ్ళింది. నుదుటి చర్మంతో ముక్కు కట్టే ఆ పద్ధతి నేటికీ వాడుకలో ఉంది.

అయితే అనుమతి ఉందనగానే తొందరపడటం వివేకం కాదు. మొదటి ఆపరేషన్ కంటే రెండోది కష్టతరం. లోపల గాయపు మచ్చలు గట్టిపడి ఉంటాయి, రక్తప్రసారం తగ్గి ఉంటుంది. ముక్కు మధ్య గోడలోని మృదులాస్థి చాలామందికి మొదటిసారే ఖర్చయిపోతుంది. అప్పుడు చెవి డొప్ప నుంచో, పక్కటెముక నుంచో తీసుకోవలసి వస్తుంది. వాపు పూర్తిగా తగ్గడానికి ఏడాది పడుతుంది, ముక్కు కొనలో ఇంకా ఎక్కువ కాలం నిలుస్తుంది. అందుకే అత్యవసరమైతే తప్ప సుమారు ఏడాది ఆగమని వైద్యులు చెబుతారు. ఆపరేషన్ అయిన మూడో నెలలో అద్దం చూసి ఏడ్చి, నాలుగో నెలలో మరో వైద్యుని వద్దకు పరుగెత్తేవారు, ఇంకా ఆరని గోడకు రంగు వేయించేవారి వంటివారు.

హద్దు ఎక్కడ? 2007లో మలేషియాలోని పుత్రజాయాలో జరిగిన 18వ సమావేశంలో అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్‌హ్ అకాడమీ ఈ విషయాన్ని చర్చించి తీర్మానించింది. అవయవపు రూపాన్నీ, పనినీ పూర్వస్థితికి తేవడం, పుట్టుకతో వచ్చిన లోపాలనూ ప్రమాదాల వల్ల ఏర్పడిన వికృతినీ సరిచేయడం, మనిషికి శారీరకంగానో మానసికంగానో బాధ కలిగించే వైకల్యాన్ని తొలగించడం అనుమతించబడ్డాయి. సహజంగా ఉన్న ముఖాన్ని ఇతరులను అనుకరిస్తూ కోరిక కొద్దీ మార్చడం నిషేధించబడింది. అక్కడ ముక్కు ప్రస్తావన ప్రత్యేకంగానే ఉంది.

కాబట్టి మీ ముక్కు గాలి పీలుస్తూ, గాయం మానిపోయి, చూసేవారెవరికీ లోపం కనబడకుండా ఉండి, అద్దంలో మీకు మాత్రమే అర మిల్లీమీటరు వంకర కనబడుతుంటే, ఆగండి. మూడో ఆపరేషన్ చేయించుకున్నా ఆ అసంతృప్తి తీరకపోవచ్చు. తన రూపంలో లేని లోపాన్ని పదే పదే చూస్తూ కుమిలిపోవడం ఒక మానసిక వ్యాధి అని వైద్యులు గుర్తించారు. దానికీ చికిత్స ఉంది, అది మనోవైద్యుని వద్ద ఉంది. దానికోసం వెళ్ళడంలో సిగ్గు పడవలసినదేమీ లేదు. నిజాయితీపరుడైన సర్జన్ అటువంటి వారికి కత్తి పట్టడానికి నిరాకరిస్తాడు. నిరాకరించిన వైద్యుణ్ణి తిట్టుకోకండి.

ఇక్కడ మన ఇళ్ళ గురించి ఒక మాట చెప్పక తప్పదు. ఆ అమ్మాయి మొదటిసారి ఆపరేషన్ బల్ల ఎక్కడానికి కారణం ఎవరు? పెళ్ళిచూపులకు వచ్చి, షర్బత్ తాగి, వెళ్తూ వెళ్తూ ‘పిల్ల బాగానే ఉంది కానీ ముక్కే కాస్త...’ అన్నవారు కారా? ఎగతాళి చేయడాన్నీ, ఎత్తిపొడవడాన్నీ అల్‌హుజురాత్ సూరా నిషేధించింది. ఆ నోళ్ళను వదిలిపెట్టి ఆ అమ్మాయిని మాత్రమే నిలదీయడం న్యాయం కాదు. నికాహ్‌కు ముందు వధువును చూడటానికి ధర్మం అనుమతించింది. వంకలు లెక్కపెట్టడానికి మాత్రం కాదు.

రెండోసారి చేయించుకోవాలని నిశ్చయించుకున్నవారు మొదటి ఆపరేషన్ వివరాలు రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. రోగి కోరిన 72 గంటలలోగా రికార్డులు ఇవ్వాలని 2002 నాటి భారత వైద్య మండలి నిబంధనలు వైద్యులను ఆదేశిస్తున్నాయి. ఏ ఎముక తీశారో, ఏ మృదులాస్థి వాడారో తెలియకుండా రెండో వైద్యుడు చీకట్లో చెయ్యి పెట్టినట్లవుతుంది. ఆయనకు ఈ రెండో రకం పనిలో ఎంత అనుభవం ఉందో నేరుగా అడగండి. అది అమర్యాద కాదు. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు నష్టానికి బాధ్యుడని దైవప్రవక్త (స) స్పష్టం చేశారు, అంటే అర్హత విచారించే హక్కు రోగికి ఉందనే కదా. తర్వాత ఇస్తిఖారా చేయండి. ఇస్తిఖారా విచారణకు బదులు కాదు, విచారణ తర్వాత చేసేది. ఒంటెను కట్టివేసి అల్లాహ్‌పై భారం వేయమన్న ఉపదేశం మీకు తెలిసినదే.

డబ్బు విషయంలో కూడా జాగ్రత్త. వడ్డీతో కూడిన వాయిదాలపై సౌందర్య చికిత్సలు చేయించుకోమని ప్రకటనలు పిలుస్తున్నాయి. రూపం సరిదిద్దుకోబోయి రిబాలో చిక్కుకోకండి. జకాత్‌కు అర్హుడైన పేదవాడు ముక్కు కోల్పోయి బాధపడుతుంటే అతని చికిత్సకు జకాత్ ఇవ్వవచ్చు, ఇవ్వాలి కూడా.

ఆరాధనల గురించి చాలామంది అడుగుతున్నారు. ముక్కులో దూది కట్టు ఉండగా నీరు ఎక్కిస్తే హాని అని వైద్యుడు చెబితే వుజూలోనూ, గుసుల్‌లోనూ లోపల కడగవలసిన అవసరం లేదు. పైన కట్టు ఉంటే తడి చేత్తో మసహ్ చేయాలి. వంగితే రక్తం కారుతుందన్న భయముంటే సజ్దాను సైగతో చేయవచ్చు. నిలబడలేనివాడు కూర్చుని, కూర్చోలేనివాడు పక్కకు ఒరిగి నమాజ్ చేయాలని ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కి దైవప్రవక్త (స) నేర్పారు. ఆగగలిగిన ఆపరేషన్‌ను రమజాన్ తర్వాతకు పెట్టుకోండి. సజ్దాలో నుదుటితో పాటు ముక్కు కూడా నేలను తాకాలని మనకు ఆజ్ఞ. గాయం మానిన నాడు, అది ఏ ఆకారంలో ఉన్నా, దానిని తిరిగి నేలకు ఆనించండి.

ఓ అల్లాహ్! మా నగరంలోని ఆస్పత్రులలో ఊపిరి కోసం పెనుగులాడుతున్న వారందరికీ స్వస్థత ప్రసాదించు. వైద్యుల చేతులకు నేర్పును, హృదయాలకు నీ భయాన్ని అనుగ్రహించు. మాటలతో గాయపడిన మా బిడ్డల మనసులను మాన్పు. ఆమీన్.