పాట పట్టిన జోలె

మన తుడియలూరు పిల్లలకు ఇంట తెలుగు, వీధిలో తమిళం. త్యాగరాజస్వామి తెలుగు కృతులు పుట్టినదీ కావేరి ఒడ్డున, తిరువయ్యారులోనే. ఆయన ఉంఛవృత్తితో, వీధుల్లో పాడుతూ జీవించారు. 1847లో ఆయన సిద్ధి పొందారు. తర్వాత శిథిలమైన ఆ సమాధి చోట ఆలయం కట్టించినది బెంగళూరు నాగరత్నమ్మగారు, తమ సొంత సొమ్ముతో. ఆరాధనలో స్త్రీలు పాడరాదంటే వారు వేరుగా ఆరాధన నడిపారు. ఈ మాట చెప్పేటప్పుడు నాకు కొంత గర్వమే. నేటి సంగీతోత్సవంలో పళ్ళెంలో పడినదంతా తెలుగు వాచకాలకే. నిరుడు ఇద్దరు పిల్లలు ఒక్క పుస్తకంతో చదువుకున్నారు. ఇప్పుడు ఆడపిల్లలు ముందుగా పాడతారు. పళ్ళెం మొదట నా వద్దకే తెండి.