పాత పడవకు కొత్త పలకలు



కాలువ గట్టున పెరిగినవారికి పడవను గూర్చి వేరుగ చెప్పనక్కరలేదు. శిథిలమైన పడవను బ్రతికించుట యెట్టిదో తెలుపు ఆంగ్లదేశపు వృత్తాంతమొకటి వినదగినది.

1958లో బ్రాన్‌స్టన్ గ్రామమున 'రేమండ్' అను పడవ నీట దిగెను. ఆ దేశమున ఇంజను లేని కొయ్య సరకుపడవలలో అదియే కడపటిదని ప్రసిద్ధి. వెడల్పు సుమారు 7 అడుగులు, పొడవు సుమారు 70 అడుగులు. లండను చెంత సౌతాల్‌లోని జాము కర్మాగారమునకు 1970 వరకు బొగ్గు మోసెను. ఆ రవాణా నిలిచినపిదప పడవ చివికిపోయెను. 2000 తరువాత అభిమానులు కూడి దానిని పునరుద్ధరించిరి.

ఇట్టి పడవలకు ప్రక్కలు ఓకు కొయ్య, అడుగు ఎల్ము కొయ్య. ఎల్ము నిరంతరము నీట నానినచో చిరకాలము మన్నును. తడియుచు ఆరుచు నుండిన కుళ్లును. పలకను ఆవిరిపెట్టెలో నుంచి, వేడి ఆరకమునుపే వంచి బిగింతురు. సందులలో తారు పట్టించిన నారను కూరుదురు. పూర్వపు పనివారు తారు, గుఱ్ఱపు వెండ్రుకలు, ఆవుపేడ కలిపి కాచి లోపల పూసెడివారు.

ఇన్ని పలకలు మార్చిన పిమ్మట అది ఆ పడవయేనా? థీసియసు ఓడను గూర్చి తత్త్వవేత్తలు ఇట్లే వాదించిరని ప్లూటార్కు వ్రాసెను. కొలతయు, ఆకృతియు, చేతిపనియు నిలిచినంతకాలము పడవ నిలిచినట్లే. పలక పోయిన మరియొకటి తేవచ్చును; పలకను వంచనేర్చిన చేయి పోయిన తేలేము.

1935లో కొల్లిపర, పెదవడ్లపూడి గ్రామముల నడుమ కాలువపై పడవ గ్రంథాలయము నడచెను. ఆ పడవ నేడు లేదు; దాని పని గ్రామ గ్రంథాలయములందు సాగుచున్నది. చినిగిన పుస్తకమును కుట్టి అట్ట వేయు విద్యను పిల్లలకు నేర్పుడు. అదియే మన పడవకు కొత్త పలక.