అన్నము ఇంటిది, కూర అంగడిది

సాయంకాలము ఏడు గంటలు దాటిన పిమ్మట నాగోలు మెట్రో స్టేషనులో దిగి, ఇండ్లకు మరలు జనముతో పాటు నాలుగడుగులు నడచి చూడుడు. తొందర అందరి కాళ్ళయందును కలదు. అయినను వీథి మలుపున ఒకచోట చాలమంది ఆగుదురు. అచట బల్లలుండవు, కుర్చీలుండవు, వడ్డించువారుండరు. అద్దము వెనుక వరుసగా స్టీలు గిన్నెలు మాత్రముండును. ఒక పప్పు, ఒక సాంబారు, ఒక బెండకాయ వేపుడు అని చెప్పి, పొట్లములు చేతబట్టుకొని సాగిపోదురు. దీనిని కర్రీ పాయింటందురు.

కొత్త వ్యాపారములనగానే మనకు అద్దాల మేడలు, కోట్ల పెట్టుబడులు స్ఫురించును. హైదరాబాదులో 2015లో టి-హబ్ వెలసినది మొదలు ఆ మాటలే వినుచున్నాము. అవి గొప్పవే, కాదనము. కాని ఒక పొయ్యి, నాలుగు గిన్నెలు పెట్టుబడిగా గల ఈ అంగడి వెనుక ఎంత సూక్ష్మమైన ఆలోచన కలదో గమనించువారు తక్కువ.

హోటలు భోజనమంతయు అమ్మును. ఇల్లు భోజనమంతయు వండును. ఈ రెంటి నడుమ మూడవ దారి కలదని చిరకాలము ఎవరికిని తట్టలేదు. వంటలో అన్నము వండుట సులభము. కూరలు తరుగుట, పోపు పెట్టుట, ఒకపూట తినుటకు రెండు మూడు రకములు చేయుట కష్టము. 1955లో జపానులో తోషిబా సంస్థ విడుదల చేసిన విద్యుత్ కుక్కరు వంటి సాధనము మన ఇండ్లకును చేరిన తరువాత, సులభమైన ఆ సగము మఱింత సులభమైనది. కష్టమైన సగమే మిగిలెను. దానిని కర్రీ పాయింటు తీసికొన్నది. ఇడ్లీ పిండి అమ్మువారు చేసినదియు ఇదియే: రుబ్బుట వారిది, ఆవిరిపై ఉడికించుట మనది.

దిల్‌సుఖ్‌నగర్ పరిసరములలో పోటీ పరీక్షల శిక్షణకై వచ్చి, గదులు అద్దెకు తీసికొన్న యువకులకు ఈ లెక్క ఎవరును చెప్పనక్కరలేదు. గదిలో ఒక కుక్కరు, ముగ్గురికి రెండు కూరలు, ఒక పెరుగు పొట్లము! బొంబాయిలో 1890 ప్రాంతమున మొదలైన డబ్బావాలాల పద్ధతి ఇంటి వంటను కచేరీకి చేర్చినది. మనవారు అంగడి వంటను ఇంటి అన్నముతో కలిపినారు.

2017 నవంబరులో నాగోలు వరకు మెట్రో రైలు నడచినది. ఊరి పడమటి కొస కొలువులకు పోవువారు ఇచట కాపురముండుట అంతకంతకు తేలికైనది. భార్యాభర్తలిరువురును రాత్రి ఎనిమిదింటికి తలుపు తీయు ఇండ్లలో పొయ్యి ఎవరు వెలిగింపవలెను? కర్రీ పాయింటు మన వంటింటిని ఆర్పివేయుచున్నదని వగచువారిని మేమెఱుగుదుము. వారిలో ఎక్కువమంది ఏనాడును గరిటె పట్టనివారే. ఆ విచారమును మేము అంతగా పాటింపము.

ఈ వ్యాపారమునకు అసలు గండము వేఱు. అది అడుగున మిగిలిన కూర. ఒక దంపతులు నడుపు అంగడికి మేము తరచు పోవుచుందుము. ఆ ఇల్లాలు చెప్పిన లెక్కలు ఏ వాణిజ్య శాస్త్ర గ్రంథమునకును తీసిపోవు. శనివారమునాడు కోడికూర తగ్గింపవలెను; కార్తిక మాసమున దాదాపు మానవలెను; ఆదివారము మాంసము ఇండ్లలోనే వండుకొందురు గనుక ఆనాడు సాంబారు, పెరుగు పచ్చడి పెంచవలెను. వాన వచ్చినచో వండినదంతయు నష్టమే. ఆమెకు లాభము సాంబారులో, నష్టము వేపుడులో. వేపుడు లేనిదే సాంబారు కొనుటకు ఎవరును రారు గనుక దానిని మానుటకు వీలులేదు. 2016లో వచ్చిన యూపీఐ పుణ్యమా యని చిల్లర తగవు తీరినదని మాత్రము సంతోషించినది.

ఇప్పుడు స్విగ్గీ, జొమాటో వంటి యాప్‌లు గడపకే తెచ్చి యిచ్చుచున్నవి. ముంగిలి లేని వంటశాలలును వెలసినవి. వాని వంటవారి మొగము మనకు కనబడదు. ఆ దారిన పోయినచో కొనువారు పెరుగుదురు గాని, యాప్ తీసికొను భాగము పోగా చిన్న గిన్నెకు మిగులునది స్వల్పము. నిన్న ఉప్పెక్కువైనదని ఎదుట నిలిచి చెప్పుటకు, మరునాడు సరిదిద్దుటకు ఈ చిన్న అంగడిలోనే వీలున్నది.

మా ఫిర్యాదు ఒకటి కలదు. పొగలుగ్రక్కు సాంబారును పలుచని ప్లాస్టిక్ సంచిలో పోసి మూతి బిగించుట చూచినప్పుడెల్ల మాకు గుండె గుభేలుమనును. 120 మైక్రానులకు తక్కువైన సంచులు 2022 డిసెంబరు 31 నుండి నిషిద్ధములు. పలుచదైనను దళసరిదైనను, ఉడుకు పులుసునకు అది తగిన పాత్ర కాదు. ఈ మాట ఆమెతో అన్నాము. ఆమె నొచ్చుకొనలేదు.

“గిన్నె తెచ్చుకొమ్మని నేను చెప్పినచో ప్రక్క కొట్టుకు పోదురండీ. మీరు తెచ్చుకొనుడు, ఒక గరిటె ఎక్కువ పోసెదను” అన్నది.

మరునాడు అటకమీది పాత టిఫిను క్యారియరు దింపి, తోమించి, పట్టుకొనిపోయినాము. వరుసలోనివారు వింతగా చూచిరి. గరిటె ఎక్కువే పడినది. ఆ వారము గడువకముందే, మా వెనుక నిలిచిన ఒక కుఱ్ఱవాని చేతిలో మూతగల స్టీలు డబ్బా కనబడినది.