తాతగారి తాత జాడ
(పుదుచ్చేరిలో మన సంఘము జరిపిన ఉగాది సభయందు చేసిన ప్రసంగపాఠము)



ఉగాది సభలలో మహాకవులను గూర్చియు, మహారాజులను గూర్చియు ముచ్చటించుకొనుట మనకు వాడుక. నేడు నేను సంతకము చేయుట యెరుగని యొక రేవు కలాసీని గూర్చి విన్నవింపదలచితిని. ఆయన మా తాతగారి తాత. ఇట్టి సభలో ఇట్టి విషయమా యని కొందరికి తోచవచ్చును. బి.ఏ.లో చరిత్ర చదివిన నాకును చిరకాలము అట్లే తోచినది. ఉద్యోగమున చేరిన తొలి దినములలో ఎవరైనను మా వంశమును గూర్చి అడిగినచో, "యానాం వైపు వ్యవసాయ కుటుంబమండీ" అని మాట తప్పించెడివాడను. అది నిజము కాదు. మా పూర్వులు కోరంగి, యానాం రేవులలో మూటలు మోసి బ్రతికినవారు.

ఆయనను గూర్చి మా యింట నిలిచిన మాట యొక్కటే: "పరాసువారి ఓడ యెక్కి దీవికి పారిపోయినాడు." ఇంట భార్యయు, చంటిబిడ్డయు మిగిలిరి. ఆమె కడవరకు బొట్టు తుడుచుకొనలేదట. ముత్తైదువ యని పేరంటమునకు పిలువవలెనో, పిలువకూడదో తెలియక ఊరివారు ఇబ్బంది పడెడివారట. మా నాయనమ్మ ఈ సంగతి చెప్పునపుడు గొంతు తగ్గించెడిది. నాలుగు తరములుగా మా యింట తర్పణములలో ఆయన పేరు పలుకలేదు. ఇల్లాలిని విడిచి పారిపోయినవానికి నీళ్లెందుకనిరి.

కొన్నేండ్ల క్రిందట ఒక మిత్రుని యింట రియూనియన్ దీవినుండి వచ్చిన వృద్ధురాలిని చూచితిని. ఆమెకు ఫ్రెంచి తప్ప వేరుభాష రాదు. చేతిలో ఒక పత్రపు నకలు. అందు ఆమె పూర్వుని పేరు, సంఖ్య, వయస్సు, ఓడ యెక్కిన రేవు యానాం అని యున్నవి. గ్రామము పేరు లేదు. "ఇది తెలుగు పేరేనా?" అని ఆమె మిత్రునిచేత అడిగించినది. ఫ్రెంచి గుమాస్తా తన చెవికి తోచినట్లు వ్రాసిన ఆ పేరును నేను తెలుగున పలికితిని. ఆమె మెల్లగా నా వెంట పలికినది. మరల పలుకుమన్నది. మూడవసారి ఆమె కన్నులు చెమర్చినవి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆమెకు కాగితమున్నది, ఊరు లేదు. నాకు ఊరున్నది, కాగితము లేదు. కాని ఆమె సముద్రము దాటి వెదకవచ్చినది కూలివానినే. నేను దాచిపెట్టినదియు కూలివానినే.

అప్పటినుండి వెదకుట మొదలిడితిని. మొదటి ప్రశ్న: ఎప్పుడు పోయినాడు? 1954 నవంబరు 1న యానాం భారతదేశ పాలనలోనికి వచ్చిన దినమున మా ముత్తాతగారికి డెబ్బదియైదేండ్లని తాతగారు చెప్పెడివారు. ఆ చంటిబిడ్డ ఆయనయే. కనుక తండ్రి ఓడ యెక్కినది 1880 ప్రాంతము.

రెండవ ప్రశ్న: ఏ దీవికి? తెలుగువారు పోయిన దారులు పెక్కు. 1828లోనే పదునైదుగురు తెలుగువారిని యానాం నుండి బూర్బోను దీవికి, అనగా నేటి రియూనియన్‌కు, కొనిపోయిరి. 1848లో ఫ్రెంచి దీవులలో బానిసత్వము రద్దయిన పిదప చెరకు తోటలకు కూలీల అవసరము పెరిగినది. పుదుచ్చేరినుండి బయలుదేరిన ఒరేలీ యను ఓడ 1853లో మార్తినీకునకు, 1854లో గ్వాడెలూపునకు కూలీలను చేర్చినది. ఆంగ్లేయుల దీవియైన మారిషస్‌నందు తెలుగువారిని కోరంగి రేవు పేరనే కోరంగీలనెడివారు. 1860 నవంబరు 16న మద్రాసునుండి ట్రూరో యను ఓడ దక్షిణాఫ్రికాలోని దర్బాను చేరినది. ఇక కాకినాడనుండి రంగూనుకు పోయినవారికి లెక్కయే లేదు.

"పరాసువారి ఓడ" అను మాట మా ముత్తవ్వ నోట వెలువడినది. దానిని నమ్మినచో రంగూను, దర్బాను తొలగును. ఫ్రెంచి దీవులు మిగులును. వానిలో ఒకటి రియూనియన్. 1861లో ఆంగ్లేయులకును ఫ్రెంచివారికిని కుదిరిన ఒడంబడిక వలన ఆంగ్లపాలిత ప్రాంతపు కూలీలను సయితము ఫ్రెంచి రేవులనుండి ఎక్కించుకొనుటకు వీలు కలిగినది. అచ్చటి కూలీల దుఃస్థితిని గూర్చి ఫిర్యాదులు రాగా 1877లో విచారణ సంఘము పోయినది. 1882లో ఆంగ్ల ప్రభుత్వము ఆ వలసను ఆపివేసినది. మా తాతగారి తాత చివరి ఓడలలో పోయినవారిలో ఒకడై యుండవచ్చును.

మూడవ ప్రశ్న: కాగితములెక్కడ? మన పుదుచ్చేరిలోనే జాతీయ అభిలేఖాగారపు శాఖ యొకటి కలదు. ఫ్రాన్సులో ఎక్స్ పట్టణమునందలి సముద్రాంతర ప్రాంతముల అభిలేఖాగారము పాత ఫ్రెంచి స్థావరముల జనన, వివాహ, మరణ పట్టికలను ఇంటర్నెట్టులో నుంచినది. మారిషస్‌కు పోయినవారికి మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో పట్టికలును, కొందరి ఛాయాచిత్రములును కలవు. నెటాల్ ఓడల జాబితాలలో తండ్రి పేరు, కులము, జిల్లా, గ్రామము వ్రాసిన గడులున్నవి.

నేను ఆదివారములన్నియు ఈ పనికే వెచ్చించితిని. ఫలితము దాచను. మా వాని పేరు గోదావరి తీరమున వీధికి పదిమందికుండు పేరు. ఆ పేరువారు ముగ్గురు కనబడిరి. ఒకనికి తండ్రి పేరును, వయస్సును సరిపడినవి. గ్రామము పేరు వ్రాసిన తీరు రెండూళ్లకు సరిపోవును. ఇతడే మావాడని ముద్ర వేయుటకు మనసు తొందరపడినది. కాని కచేరీలో ఇంతటి ఆధారముతో ఎవరైన ఫైలు పంపినచో నేను త్రిప్పి పంపుదును. కనుక దీనినియు అట్లే త్రిప్పి పంపితిని.

అయినను ఒకటి దొరకినది. ఆ 1861 ఒడంబడికను చదివితిని. కూలీ ఒప్పందము అయిదేండ్లకు మించరాదు. వారమునకు ఆరుదినములు, దినమునకు తొమ్మిదిన్నర గంటలు పని. గడువు తీరినపిమ్మట ప్రభుత్వపు ఖర్చుతో స్వదేశమునకు తిరిగివచ్చు హక్కు కలదు. అనగా ఓడ యెక్కినవాడు తిరిగి రాకుండుటకే పోయినాడని చెప్పుటకు వీలులేదు. అయిదేండ్లు కష్టపడి నాలుగు రూకలతో రావలెనని పోయి, అచ్చటనే కన్నుమూసి యుండవచ్చును. మరల ఒప్పందమునకు లోబడి యుండవచ్చును. అచ్చట వేరు సంసారము చేసికొనియు నుండవచ్చును. మూడింటిలో ఏదియో నాకు తెలియదు. కాని "పారిపోయినాడు" అను మాటకు ఆధారము లేదు. బొట్టు తుడుచుకొనని ముత్తవ్వకు అయిదేండ్ల గడువు సంగతి తెలిసియే యుండును. మనమే ఆమె నిరీక్షణను వెర్రిగా నెంచితిమి.

ఈ సంగతి మా తండ్రిగారికి చెప్పితిని. ఆయన చాలసేపు మాటాడలేదు. ఆ యేడు మహాలయ అమావాస్యనాడు ఈ తీరమునకే వచ్చి, 1836లో వెలిగిన పాత దీపస్తంభమునకు ఎదుట సముద్రములో నిలిచి, తర్పణము విడుచుచు ఆ పేరును మొదటిసారి పలికిరి. వెంటనే ముత్తవ్వ పేరును పలికిరి.

సోదరులారా, మనము గుమాస్తాలము, అధికారులము. దినమునకు ఎన్ని పేర్లు వ్రాయుచున్నాము! ఆనాడు రేవున కూర్చున్న గుమాస్తా యింటిపేరు వ్రాయక, తాతపేరే మనుమల యింటిపేరు కాగా, మారిషస్‌లో అప్పడు యింటిపేరైనది. పెన్షను కాగితముపై ఒక కూలివాని వితంతువు పేరు వ్రాయునపుడు ఆ గ్రామము పేరు మరియొకమారు అడిగి వ్రాయుదము. నూరేండ్లకు ఎవరు దానిని వెదకుచు వత్తురో!

అక్కచెల్లెండ్రకు ఒక మనవి. నేటి రాత్రి మీ అమ్మమ్మలను, నాయనమ్మలను కూర్చుండబెట్టి వారి అమ్మమ్మల పేర్లు అడిగి వ్రాసికొనుడు. మా ముత్తవ్వ పేరు ఏ పట్టికలోను లేదు. మా నాయనమ్మ జ్ఞాపకములో నుండబట్టి నిలిచినది.

ఇపుడు నన్నెవరైన మా వంశమును గూర్చి అడిగినచో, "రేవు కలాసీలమండీ" అనుచున్నాను.