తనఖా యిల్లు – కొండవాని నెత్తిపై వేలము
(ఒక పఠనమందిరమున చేయబడిన ఉపన్యాసము)



అప్పు తీర్పవలసినదే. ఈ మాటతోనే నా ప్రసంగము నారంభించుచున్నాను. ఏలయన, తనఖా యింటి విక్రయమును న్యాయస్థానము నిలుపుట యనగానే, అది బాకీదారులను చెడగొట్టుటయని తలంచు పెద్దలు మనలో కలరు. వారి భయము నిష్కారణమైనది కాదు. కాని యది యిచ్చట చెల్లదు. ఇంజంక్షను బాకీని కొట్టివేయదు, వడ్డీని మాఫీ చేయదు. అమ్మకమును మాత్రము, విచారణ ముగియువరకు, ఆపును. ఇల్లు పరులపాలైన పిమ్మట ఋణగ్రస్తుడు వ్యాజ్యము గెలిచినను, ఆ గెలుపు కాగితముపై నుండును. సంసారము వీధిలో నుండును.

ఇట్టి ఉత్తరువు కోరువాడు మూడు సంగతులు చూపవలెను. తన వాదములో పైకి కనిపించు బలము కలదనుట మొదటిది. ఉత్తరువు లేనిచో తనకు కలుగు కష్టము, ఉత్తరువు వలన ఋణదాతకు కలుగు కష్టముకంటె నెక్కువ యనుట రెండవది. ఆ నష్టము పిమ్మట ధనముతో పూడ్చరానిదనుట మూడవది. నివాసగృహము విషయమున మూడవది చూపుట కష్టము కాదు. మొదటిదే చిక్కు. అసలెంత, వడ్డీయెంత, చెల్లించినదెంత యను లెక్క చేతనున్నవానికే కోర్టు చెవియొగ్గును. రసీదు లేనివాని కన్నీరు సాక్ష్యము కాజాలదు.

1882 నాటి ఆస్తిబదిలీ చట్టము తనఖా విడిపించుకొను హక్కును ఋణగ్రస్తునకిచ్చినది. మన జిల్లాలలోని సామాన్యపు తనఖాలలో ఋణదాత తనంతట తాను ఇల్లు వేలము వేయుటకు ఆ చట్టము అధికార మీయలేదు. అతడు దావా వేసి డిక్రీ పొందవలసినదే. 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు సేద్యగాడు కాపురముండు ఇంటిని సామాన్యపు బాకీ డిక్రీకై జప్తు చేయరాదన్నది. కాని యాయింటినే తనఖా వ్రాసియిచ్చినచో, తనఖా డిక్రీ యెదుట ఆ రక్షణము నిలువదు. ఒక్క సంతకముతో గృహస్థు తన కవచమును తానే విప్పి యిచ్చుచున్నాడన్నమాట.

ఇక కొండలకు రండు. తూర్పు కనుమలలో అప్పు యొక్క చరిత్రయే కలతల చరిత్రలో నొక భాగము. మైదానపు వర్తకులు కొండవారితో ఒప్పందములు వ్రాయించుకొని, దిగువ కోర్టులలో దావాలు వేసి, ప్రతివాది హాజరు కాకయే డిక్రీలు పొంది, వాని సొత్తును జప్తు చేయించుట 1879లో రంపదేశమున చెలరేగిన తిరుగుబాటునకు కారణములలో నొకటియని నాటి ప్రభుత్వపు విచారణయే యొప్పుకొన్నది. కోర్టున్నది, న్యాయమునకు దారి మాత్రము లేకపోయెను. కోసులకొలది అడవి దాటి, తెలియని భాషలో వ్రాసిన సమనునకు బదులు చెప్పగల కొండవాడెవడు?

ఈ అనుభవము పిమ్మట 1917లో మదరాసు ప్రభుత్వము ఏజెన్సీ ప్రాంతపు వడ్డీ, భూబదిలీ చట్టమును చేసినది. కొండజాతివారి బాకీలపై వడ్డీ సాలుకు నూటికి 24 రూపాయలు మించరాదనియు, చక్రవడ్డీ కూడదనియు, మొత్తము వడ్డీ అసలును దాటరాదనియు అది విధించినది. ఏజెంటు అనుమతి లేక కొండజాతివాని స్థిరాస్తి ఇతరులకు చెందరాదన్నది. అప్పునకు మనిషినే చాకిరికి కట్టివేయు దురాచారమును 1940లో వేరొక రెగ్యులేషను నిషేధించినది. స్వరాజ్యము వచ్చిన పిమ్మట 1959 నాటి మొదటి రెగ్యులేషనును, దానికి 1970లో జరిగిన సవరణయు ఈ కట్టును బిగించినవి. షెడ్యూల్డు ప్రాంతములోని స్థిరాస్తిని ఎవరైనను, గిరిజనుడు కాని, కానివాడు కాని, గిరిజనునకో, గిరిజనులే సభ్యులుగాగల సహకార సంఘమునకో తప్ప ఇతరులకు బదిలీ చేసినచో అది చెల్లదు. బదిలీ యనుటలో తనఖాయు చేరినది. గిరిజనేతరుని స్వాధీనములోనున్న భూమి గిరిజనుని నుండి వచ్చినదనియే, కాదని ఋజువగువరకు, భావింపబడును. ఈ శాసనమును సుప్రీముకోర్టు 1988లో సమర్థించినది. అరకునకు పొరుగుననే యున్న అనంతగిరి మండలపు గనుల కౌళ్ల విషయమై 1997లో వచ్చిన సమత తీర్పు, ప్రభుత్వము సైతము ఈ కట్టునకు లోబడవలెనని చాటినది.

కావున అరకులోయలో షావుకారు గిరిజనుని యింటిని తనఖా పట్టినచో ప్రశ్న వేలమును ఆపుటకాదు; ఆ తనఖాయే పుట్టలేదు. పుట్టని తనఖాకు అమ్మకమెక్కడిది? అట్టిచోట ఇంజంక్షనుకంటె పైమెట్టు పరిహారము కలదు: రెగ్యులేషను క్రింద అధికారము గల అధికారికి అర్జీ పెట్టి ఆస్తిని తిరిగి పొందుట.

అయినచో గిరిజనునకు అప్పెవరిత్తురని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. హామీ లేనిచో బ్యాంకు తలుపు తెరువదు. బ్యాంకు తెరువనిచో సంతలో షావుకారే దిక్కగును. ఈ చిక్కు నెరిగియే శాసనము ఒక సందు వదలినది. సహకార సంఘములకును, ప్రభుత్వ మంగీకరించిన బ్యాంకులకును స్వాధీనము లేని తనఖా పెట్టవచ్చును. కాని బాకీ తీరక ఆస్తి అమ్మవలసివచ్చినచో గిరిజనులకో, వారి సంఘమునకో మాత్రమే అమ్మవలెను. ఇల్లు పోయినను, నేల జాతిని వీడదు. ఇది మధ్యమార్గము. ఈ మార్గమును వెడల్పుచేయుట మన ప్రభుత్వముల విధి. 1956లో వెలసిన గిరిజన సహకార సంస్థ వంటివి కొండవానికి అప్పిచ్చు చేయిగా నిలిచినప్పుడే నిషేధమునకు అర్థముండును.

ఇప్పుడు కొత్త చిక్కు. 2002లో పార్లమెంటు చేసిన చట్టము, సర్ఫేసీ యని పిలువబడునది, బ్యాంకులకు కోర్టు ప్రమేయము లేకయే తనఖా ఆస్తిని స్వాధీనపరచుకొని అమ్ము అధికార మిచ్చినది. 60 దినముల నోటీసు, ఆపైన స్వాధీనము, ఆపైన వేలము. సివిలు కోర్టు ఇంజంక్షను ఈయరాదని దాని 34వ సెక్షను శాసించినది. బాధితుడు 45 దినములలో ఋణ వసూలు ట్రిబ్యునలునకు పోవలెను. 2004 నాటి మార్డియా తీర్పు మోసమున్నచోట మాత్రము సివిలు కోర్టు తలుపు కొంత తెరచియుంచినది. వ్యవసాయభూమి ఈ చట్టమునకు వెలుపల నున్నది. ఇంటి కట్టి రక్ష లేదు. పైగా వేలపు ప్రకటన వెలువడువరకే విడుదల హక్కని 2016 సవరణ చెప్పగా, సుప్రీముకోర్టు 2023లో దానిని దృఢపరచినది. పూర్వము తనఖా డిక్రీలో విక్రయము ఖాయపడువరకు ఉండిన గడువు ఇచ్చట లేదు.

మరి ఈ చట్టము గిరిజన రక్షణను మ్రింగునా? త్రిపుర రాష్ట్రమున గిరిజనేతరులకు విక్రయమును వారించు రాష్ట్ర చట్టముకంటె పార్లమెంటు చట్టమే పైచేయియని 2016లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినది. ఈ తీర్పును చూపి రేపు మన కొండలలో సైతము వేలపు పాట పాడింప జూచువారుండవచ్చును. కాని మన రెగ్యులేషను సామాన్యమైన రాష్ట్ర చట్టము కాదు. రాజ్యాంగపు అయిదవ షెడ్యూలు క్రింద గవర్నరు చేసి రాష్ట్రపతి యామోదము పొందినది. అట్టి రెగ్యులేషను పార్లమెంటు చట్టమును సైతము ఆ ప్రాంతమునకు సవరింపగలదు. ఈ భేదమే కొండవాని ఇంటికి దూలము. దీనిని ప్రతి ట్రిబ్యునలులోను, ప్రతి వేలపు ప్రకటన యెదుటను ఎత్తి చూపవలెను. ఊరకున్నచో మంచి శాసనము కూడ మూగదియే.

సోదరులారా, మీరు చదువెరిగినవారు. కొండవానికి నోటీసు వచ్చునాటికి దానిని చదివి చెప్పువాడు దొరకుట యరుదు. తారీఖు దాటిన పిమ్మట వకీలు దొరకినను ప్రయోజన మల్పము. షెడ్యూల్డు తెగలవారికి, ఆదాయముతో నిమిత్తము లేక, ఉచిత న్యాయసహాయము 1987 చట్టముచే లభించుచున్నది. ఆ సంగతి చెప్పువారు లేరు. ప్రతి పఠనమందిరమును వారమున కొక్కపూట నోటీసులు చదివిపెట్టు స్థలము కానిండు. చెల్లించిన ప్రతి రూపాయికి రసీదడుగుట నేర్పుడు. తెల్లకాగితముపై వ్రేలిముద్ర వేయవద్దని చెప్పుడు. గిరిజనుని పేరున వేరొకడు ఆస్తి కొను బినామీ వ్యవహారమునకు సాక్షి సంతకము చేయకుడు. ఆ సంతకములు సాధారణముగ మనవంటి చదువరులవే!

1879లో కొండవానికి కోర్టు దూరమయ్యెను. నేడు కోర్టు దగ్గరైనది, గడువు దగ్గరైనది. తెలివిడి మాత్ర మింకను దూరముననే యున్నది. ఆ దూరమును తగ్గించుట మన చేతిలోనిది.