జీతాల పుస్తకంలో మన పేరేది?



మనం కూలి పెంచమంటే "ఎంత పని చేశావ్?" అంటారు. కంపెనీ పెద్దను ఆ మాట అడిగేదెవరు?

2013 కంపెనీల చట్టం కొంత అడిగింది. ఉద్యోగులందర్నీ జీతాల వరసలో నిలబెడితే సరిగ్గా నడుమ నిలిచే మనిషి జీతానికి డైరెక్టర్ జీతం ఎన్ని రెట్లో, షేర్ మార్కెట్‌లో ఉన్న ప్రతి కంపెనీ ఏటా చెప్పాలంది. మంచిదే. మరి ఆ వరసలో మనమెక్కడ?

ఆఫీసు ఊడ్చే అక్క, పాయఖానా కడిగే తమ్ముడు, గేటు కాడ నిలబడే అన్న కాంట్రాక్టర్ మనుషులట! కంపెనీ జీతాల పుస్తకంలో వాళ్ల పేర్లుండవు. వాళ్లను వదిలేసే ఆ లెక్క కడతారు. ఊరికి వెలుపల వాడ, పుస్తకానికి వెలుపల మనం. అంటరానితనం ఇట్లా కూడా ఉంటది.

బడిపంతుళ్లం మేమూ సిగ్గుపడాలె. మాకు స్కేలుంది, డీఏ ఉంది, సంఘముంది. మా బడి ఊడ్చే అమ్మకు ఏముంది?

కాంట్రాక్టర్ కూలి ఎగ్గొడితే, పని చేయించుకున్న అసలు యజమానే కట్టాలని చట్టంలో ఉంది. అందుకే ఎవరు, ఎక్కడ, ఎన్నాళ్లుగా చేస్తున్నారో వాడవాడనా రాసుకుందాం. జీతం చీటీ అడుగుదాం, పీఎఫ్ నంబరు అడుగుదాం. ముందు లెక్కలోకి ఎక్కుదాం, ఆ తర్వాత వాటా తేల్చుకుందాం!