అరిగే పలక మీద మన జ్ఞాపకాలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన బడి పాత ఫోటోలన్నీ స్కాన్ చేసి, పెన్‌డ్రైవ్‌లో పెట్టి గ్రంథాలయానికి ఇద్దామని సంఘం అనుకుంది. అది ఎక్కువకాలం మన్నాలంటే ఏ ఫైల్‌సిస్టమ్‌లో ఫార్మాట్ చేయాలో చెప్పమని నాకు ఐదు నిమిషాలు ఇచ్చారు.

మనమంతా పలకా బలపం పట్టినవాళ్లమే కాబట్టి ఆ లెక్కనే చెబుతాను. ఫ్లాష్ మెమరీ ఒక వింత పలక. రాసిన అక్షరాన్ని అక్కడికక్కడే దిద్దడానికి వీల్లేదు. ఒక బ్లాకు మొత్తం చెరిపాకే అందులో మళ్లీ రాయాలి. చెరిపిన ప్రతిసారీ అది కొంచెం అరుగుతుంది.

ఫ్యాట్32లో ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టిక డ్రైవ్ మొదట్లో ఒకేచోట ఉంటుంది. ఫైలు రాసినప్పుడల్లా దాన్ని దిద్దాలి. లినక్స్‌లోని ఈఎక్స్‌టీ4 మార్పులను ముందుగా జర్నల్‌లో, అంటే చిత్తు పుస్తకంలో, రాసుకుంటుంది. భద్రత పెరుగుతుంది, రాత కూడా పెరుగుతుంది. 2013లో లినక్స్ 3.8తో వచ్చిన శాంసంగ్ వారి ఎఫ్2ఎఫ్ఎస్‌ను ఫ్లాష్ కోసమే రూపొందించారు. అది వీలైనంత వరకు పాతచోట దిద్దకుండా కొత్తచోట వరుసగా రాసుకుపోతుంది. మెమరీ కార్డు మీద రాత్రింబవళ్లు నడిచే చిన్న కంప్యూటర్లకు అది మేలు.

మరి మన పెన్‌డ్రైవ్‌కు? అరుగుదలను అన్ని బ్లాకులకూ పంచే పని చాలావరకు లోపలి కంట్రోలరే చూసుకుంటుంది. పైగా మన ఫోటోలు ఒకసారి రాసి, పదిసార్లు చూసేవి. చూస్తే పెద్దగా అరగదు. విండోస్ తనంతట తాను ఎఫ్2ఎఫ్ఎస్‌ను చదవలేదు. ఫ్యాట్32లో 4 జీబీ దాటిన వీడియో పట్టదు. అందుకే నా ఓటు ఎక్స్‌ఫ్యాట్‌కు. అయితే దానికి జర్నల్ లేదు. 'ఎజెక్ట్' నొక్కకుండా పీకకూడదు.

ఇది నాకు అనుభవంలో తెలిసింది. మన లెక్కల మాస్టారి పదవీ విరమణ ప్రసంగం నా దగ్గర ఒక్క పెన్‌డ్రైవ్‌లోనే ఉండేది. బస్సుకు వేళయిందని, కొత్త ఫైళ్లు ఇంకా ఎక్కుతుండగానే లాగేశాను. పట్టిక చెడింది, ప్రసంగం పోయింది. మాస్టారు ఇప్పుడు లేరు. ఆ పెన్‌డ్రైవ్ మాత్రం నేటికీ పనిచేస్తోంది. అరిగిపోయింది అది కాదు, నా ఓపిక.

కరెంటు తగలకుండా ఏళ్ల తరబడి బీరువాలో ఉంచినా ఫ్లాష్‌లో రాసింది క్రమంగా చెరిగిపోవచ్చు. కాబట్టి మూడు ప్రతులు చేద్దాం: గ్రంథాలయంలో పెన్‌డ్రైవ్, సంఘం దగ్గర హార్డ్‌డిస్క్, వేరే ఊళ్లో ఒక సభ్యుని ఇంట్లో ఇంకొకటి. ఏటా ఈ సభనాడు మూడూ తెరిచి చూద్దాం. హాజరు పిలిచినట్టే.

సెలవు.